స్లాబ్ వేసే ముందు తనిఖీ: ఏ వరుసలో చూడాలి, ఎక్కడ ఆపాలి?

కొత్తటేపు:
మున్సిపల్ బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా ఈమధ్యే చేరాను. ఫుటింగులు, కాలమ్‌లు ఫర్వాలేదు గానీ స్లాబ్ దగ్గరే తడబాటు. పైకెక్కితే అంతా ఇనుమే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఈలోగా మేస్త్రీ "లారీ బయల్దేరిందండీ" అంటాడు. గంటలో పూర్తయ్యేలా ఏ వరుసలో చూడాలి? ఏది కనిపిస్తే కాంక్రీటు ఆపాలి, ఏది అప్పటికప్పుడు సరిచేయిస్తే చాలు? కడ్డీల సైజు మీద అనుమానం వస్తే సైట్లోనే తేల్చే దారి ఉందా?

గుండుదారం:
ముందు పైకెక్కకండి, కిందికి వెళ్లండి. సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కిందినుంచి మోసే పలకలు, ఊతలు) బాగోలేకపోతే పైన ఇనుము ఎంత బాగున్నా లాభం లేదు, పైగా దాని మీద నిలబడేది మీరే. 125 మి.మీ. స్లాబ్ పచ్చిగా ఉన్నప్పుడు చదరపు మీటరుకు 310 కిలోల పైమాటే. మనుషులు, పంపు పైపు, ఒకేచోట కుప్పగా పడే కాంక్రీటు బరువు అదనం.

జాకీలు, అంటే పలకలను మోసే నిలువు ఊతలు, నిటారుగా ఉన్నాయా అని గుండు వేసి చూడండి. అడుగున ఏముందో వంగి చూడండి. ఇటుకల మీద ఇటుకలు పేర్చి ఎత్తు సరిపెట్టి ఉంటే తీయించాల్సిందే. కొత్తగా నింపిన మట్టి మీద జాకీ నేరుగా నిలబెడితే నీళ్లు పడగానే దిగిపోతుంది, కింద వెడల్పాటి పలక ఉండాలి. రెండు దిక్కులా అడ్డకట్లు ఉన్నాయో లేదో చూసి, జాకీని చేత్తో ఊపండి. ఊగితే బరువు దానిమీద లేదన్నమాట. పలకల మధ్య వెలుతురు కనిపించే సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయి కంకర మిగులుతుంది, స్లాబ్ అడుగు గుల్లబారేది అక్కడే.

ఇదంతా పది నిమిషాల పని. ఆ తర్వాత ఆమోదం పొందిన డ్రాయింగు చేతిలోకి తీసుకుని పైకెక్కండి. సైట్లో తిరిగే జిరాక్సు, మీ ఫైల్లో ఉన్న కాపీ ఒకే రివిజనా కాదా అన్నది ముందు తేల్చుకోండి. తేడాలు చాలావరకు అక్కడే బయటపడతాయి.

రింగుకొక్కెం:
కిందినుంచి మొదలుపెట్టాలన్నది సరే. పైకెక్కాక మాత్రం నేరుగా బాల్కనీ దగ్గరికి వెళ్లాలంటాను. మామూలు గది స్లాబ్‌లో చిన్న పొరపాటు జరిగితే పగుళ్లు, వంపు కనిపించి హెచ్చరిక దొరుకుతుంది. బాల్కనీ, సన్‌షేడ్ అలా కాదు, ఒక్కసారిగా విరుగుతాయి.

బాల్కనీకి బలమిచ్చే మెయిన్ కడ్డీ పైవరుసలో ఉండాలి. అది కట్టినప్పుడు పైనే ఉంటుంది, కాంక్రీటు వేసేవాళ్లు తొక్కేసరికి కిందికి దిగుతుంది. 150 మి.మీ. మందం, 20 కవరు (కడ్డీని కప్పి ఉంచే కాంక్రీటు మందం), 10 మి.మీ. కడ్డీ అనుకోండి. అడుగు నుంచి కడ్డీ మధ్యకు 125 మి.మీ. లోతు వస్తుంది. తొక్కుడుకు 40 మి.మీ. దిగితే మిగిలేది 85, అంటే బలంలో దాదాపు మూడోవంతు పోయినట్టే. ఇనుము ఒక్క గ్రాము తగ్గలేదు, లెక్కల్లో అంతా సరిగ్గానే ఉంటుంది!

కాబట్టి చైర్లు (పైవరుస కడ్డీని ఎత్తి పట్టే ఇనుప ఊతలు) ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కన్నా ఆ కడ్డీ మీద కాలుపెట్టి నిలబడి చూడటం మేలు. మీ బరువుకే కుంగితే చైర్లు చాలవు, దగ్గరదగ్గరగా మరికొన్ని పెట్టించండి. కాంక్రీటు వేసేటప్పుడు నడవడానికి విడిగా పలకలు వేయమని నోట్‌లో రాయండి. అదే కడ్డీ గది లోపలికి ఎంత పొడవు వెళ్లిందో టేపుతో కొలవండి. బీము దాటి జానెడు వెళ్లి ఆగిపోతే అక్కడే ఆపేయాలి. బయటికి ఎంత ఉందో లోపలికి కనీసం అంతైనా లేకపోతే డ్రాయింగు మళ్లీ తెరవండి.

కడ్డీల దూరం ఒక్క సందు కొలిచి నిర్ధారించకండి, మేస్త్రీ చూపించే సందు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. వరసగా పది సందులు కలిపి కొలవండి. 150 మి.మీ. దూరానికి 1500 రావాలి. 1750 వచ్చిందంటే సగటున 175 చొప్పున కట్టారు, ఇనుము 14 శాతం తగ్గింది.

సైజు తేల్చడానికి కాలిపర్ పనికిరాదు, గీతల కడ్డీ మీద ఎక్కడ పట్టుకుంటే అక్కడో లెక్క చూపిస్తుంది. మీటరు ముక్క కోయించి తూయండి. మి.మీ.లో వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 8 మి.మీ.కి 0.395, 10కి 0.617, 12కి 0.888, 16కి 1.58. గ్రాములు చూపించే తక్కెడ అయితేనే సుమా. రెండుమూడు కట్టల్లోంచి ముక్కలు తీయించండి.

సైట్‌రిజిస్టర్:
పై ఇద్దరూ వదిలేసినవి చెబుతాను.

కవరు బ్లాకుల బదులు కంకర రాళ్లు, చెక్కముక్కలు, కోసిన కడ్డీ ముక్కలు పెడుతుంటారు. రాయి జారిపోతుంది, చెక్క కుళ్లుతుంది. కడ్డీ ముక్క అయితే బయటి తేమను నేరుగా లోపలికి మోసే దారి అవుతుంది. మీటరు దూరానికి ఒకటి చొప్పున సిమెంటు బ్లాకులు ఉండాలి. సాధారణంగా స్లాబుకు 20 మి.మీ., బీముకు 25 నుంచి 30. డ్రాయింగులో ఎక్కువ రాసి ఉంటే అదే.

కరెంటు పైపులు. మీరు వెళ్లి వచ్చాక ఎలక్ట్రీషియన్ మళ్లీ వస్తాడు, కాబట్టి పైపుల పని కూడా అయిపోయాకే తనిఖీకి పిలవమనండి. పైపు రెండు వరుసల ఇనుము మధ్య ఉండాలి. అడుగు వరుస కింద దూర్చితే కవరు పోతుంది. పైపు బయటి వ్యాసం స్లాబ్ మందంలో మూడోవంతు దాటకూడదు. ఐదారు పైపులు కట్టగా కట్టి కాలమ్ పక్కనుంచి పోనిస్తే ఆపండి. కట్ట సందుల్లోకి కాంక్రీటు దిగదు, అసలే ఒత్తిడి ఎక్కువుండే చోటు అది.

ల్యాపులు, అంటే రెండు కడ్డీలు ఒకదాని పక్కన ఒకటి కలిసి నడిచే అతుకులు, చాలా డిజైన్లలో కడ్డీ వ్యాసానికి 50 రెట్లు, 12 మి.మీ.కి 600. పొడవు సరిపోయినా అన్నీ ఒకే గీత మీద పడితే కుదరదు, విడగొట్టించాలి. బీములో అడుగు కడ్డీ ల్యాపు మధ్యలో, పై కడ్డీ ల్యాపు కాలమ్ దగ్గర ఉండకూడదు. బీము మొదటి రింగు (పొడవు కడ్డీలను చుట్టి కట్టే కడ్డీ) కాలమ్ అంచు నుంచి 50 మి.మీ. లోపే రావాలి.

ఆపాల్సినవి ఏవంటే నా లెక్క ఇది: సెంట్రింగ్, బాల్కనీ కడ్డీ, కడ్డీల సైజు లేదా దూరం, ల్యాపులు ఒకేచోట పడటం. కవరు బ్లాకులు, చైర్లు, బైండింగ్ వైరు తుంపులు, రంపపు పొట్టు మీరు ఉండగానే సరిచేయించి, ఫొటో తీసుకుని వదిలేయొచ్చు.

కొత్తటేపు:
చాలా థాంక్సండీ. ఒక్క సందేహం. డ్రాయింగులో 12 మి.మీ. 150 దూరంలో ఉంది, సైట్లో 10 మి.మీ. 100 దూరంలో కట్టారు. "ఇనుము ఎక్కువే వేశాం సార్" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

రింగుకొక్కెం:
లెక్క ప్రకారం వాళ్లది అబద్ధం కాదు. 12 మి.మీ. 150 దూరంలో అంటే మీటరు వెడల్పుకు 754 చదరపు మి.మీ., 10 మి.మీ. 100 దూరంలో అంటే 785. అదే 10 మి.మీ. 150లోనే కట్టి ఉంటే 524 మాత్రమే, అప్పుడు మాటే లేదు.

అయినా ఒప్పుకోవాల్సింది మీరు కాదు, డిజైన్ ఇంజనీరు. ఆయన సంతకంతో మార్పు కాగితం వచ్చాకే కాంక్రీటు. సైట్లో నిలబడి "ఇలా చేయండి" అని దారి చూపిస్తే రేపు ఆ డిజైన్ మీదే అవుతుంది. డ్రాయింగుతో ఏది కలవలేదో అంతవరకే రాయండి.

సైట్‌రిజిస్టర్:
రాసే తీరు గురించి కూడా. "ఇనుము సరిగా లేదు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "రెండో అంతస్తు స్లాబ్, బి-సి, 3-4 గ్రిడ్ల మధ్య, అడుగు మెయిన్ కడ్డీ, డ్రాయింగులో 12 మి.మీ. 150 దూరం, సైట్లో 10 మి.మీ. 100 దూరం" అని రాయండి. ఫొటోలు రెండు: చోటు గుర్తుపట్టేలా దూరంనుంచి ఒకటి, టేపు అంకెలు కనిపించేలా దగ్గరనుంచి ఒకటి.

గుండుదారం:
కాంక్రీటు వచ్చాక మేస్త్రీ లారీలో నీళ్లు పోయమనకుండా చూడండి. ఘనమీటరుకు ఐదు లీటర్లు పోసినా స్లంప్ (పచ్చి కాంక్రీటు ఎంత జారుడుగా ఉందో చెప్పే కొలత) దాదాపు 25 మి.మీ. పెరుగుతుంది, బలం తగ్గుతుంది. జారుడు కావాలంటే ప్లాంటు వాళ్లు అడ్మిక్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం) వేసుకోవాలి.

సెంట్రింగ్ విప్పే వరుస కూడా అదే నోట్‌లో రాసేయండి, ఆ రోజు మిమ్మల్ని ఎవరూ పిలవరు. గది స్లాబుకు మధ్యనుంచి గోడలవైపు, బాల్కనీకి బయటి అంచునుంచి లోపలికి. సన్‌షేడును వెనక్కి పట్టి ఉంచేది పైన కట్టబోయే గోడ బరువే అయితే, ఆ గోడ లేచేదాకా దాని కింది జాకీ ముట్టుకోకూడదు.