అప్‌డేట్: జిప్సం సీలింగ్ పగులు, అసలు దొంగ దొరికాడు

హాల్లో జిప్సం సీలింగ్‌లో రెండు బోర్డులు కలిసే జాయింట్ ఏటా ఎండాకాలం అదే చోట పగులుతోందని, రెండుసార్లు పుట్టీ పెట్టించినా ఆగలేదని అడిగాను కదా. మాది బెజవాడలో పై అంతస్తు. మే నెలలో స్లాబు పెనంలా కాలుతుంది. తప్పంతా ఎండదే అనుకున్నా.

గీకించి చూస్తే లోపల జాయింట్‌ని పట్టి ఉంచే టేపే లేదు! వట్టి గోడ పుట్టీ. పైగా బోర్డు అంచు వేలితో నొక్కితే కిర్రుమంది. రెండు స్క్రూలు ఫ్రేముకి తగలకుండా గాల్లో ఉన్నాయి.

కొత్త స్క్రూలు బిగించి, జాయింటింగ్ కాంపౌండ్ (బోర్డుల సందులకే వాడే ముద్ద) నింపి, అది పచ్చిగా ఉండగానే 50 మి.మీ. పేపర్ టేపు అతికించారు. ఆరాక అదే కాంపౌండ్ ఒక్కోసారీ ఇంకాస్త వెడల్పుగా రెండు పూతలు. మేస్త్రి ఒక్కరోజులో తేల్చేస్తానన్నాడు గానీ, ఆరనివ్వమని నేనే పట్టుబట్టాను. ఇంటినిండా దుమ్ము, మా ఆవిడతో చీవాట్లు అదనం.

మొన్నటి మే దాటింది. టార్చి వేసి వెతికినా గీత కనబడలేదు.