ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం వెలగడం లేదు: ఏం చేయాలి?

కోనసీమ మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. నేను అమలాపురం దగ్గర ఒక పల్లెలో ఉంటున్న విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. నా ల్యాప్‌టాప్ కొని ఆరేళ్లయింది. వానల్లో రెండు వారాలు మా అమ్మాయి ఇంటికి వెళ్లి వచ్చాక పవర్ బటన్ నొక్కితే దీపం వెలుగుతోంది, ఫ్యాన్ పది సెకన్లు తిరిగి ఆగుతోంది, మళ్లీ దానంతట అదే తిరుగుతోంది, తెర మీద మాత్రం ఏమీ కనబడడం లేదు. పట్నంలో ఒక దుకాణంలో చూపిస్తే పది నిమిషాలు కూడా చూడకుండా మదర్‌బోర్డు పోయిందని, మార్చడానికి పద్నాలుగు వేలు అవుతుందని, లోపల ఉన్నదంతా ఎలాగూ చెరిపేయాల్సి వస్తుందని చెప్పారు.

డబ్బు కన్నా ఆ చివరి మాటే నన్ను కలవరపెట్టింది. మా నాన్నగారు ఇరవై ఏళ్లపాటు రాసుకున్న సేద్యపు దినచర్య పుస్తకాలు పదకొండు ఉంటే, వాటిలో ఏడింటిని నేను మూడేళ్లుగా కూర్చుని టైపు చేశాను. దానికి మరో ప్రతి లేదు. నన్ను తిట్టడానికి సిద్ధంగా ఉన్నవారు తిట్టిన తరువాతైనా సరే, దారి చెప్పగలరని మనవి.

నో డిస్‌ప్లే

మాస్టారూ, తిట్టడం తరువాత సంగతి. మొదట ఒక్క మాట: దాన్ని మళ్లీ ఆ దుకాణానికి ఇవ్వకండి. మదర్‌బోర్డు మార్చడానికీ ఫైళ్లు చెరిపేయడానికీ సంబంధం లేదు. ఫైళ్లు ఉండేది ఎస్‌ఎస్‌డీలోనో హార్డ్ డిస్కులోనో గనుక, అది బోర్డుకే అతికించిన రకం కాకపోతే విడిగా ఊడదీసి దాచుకోవచ్చు.

నేను సికింద్రాబాదులో చినాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల పన్నెండేళ్లుగా చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీద చెడిన చిన్న భాగాన్ని వెతికి బాగుచేసే పని, చేస్తున్నాను. వచ్చే ప్రతివారూ "ఆన్ కావడం లేదు" అనే అంటారు గానీ ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు ఉంటాయి. బటన్ నొక్కినా దీపం గానీ ఫ్యాన్ గానీ కదలకపోతే మేము దాన్ని డెడ్ అంటాం. అప్పుడు అడాప్టర్, ఛార్జింగ్ పిన్ను, బ్యాటరీ, బోర్డు మీద పవర్ లైను, ఈ వరుసలో చూస్తాం. దీపం వెలిగి ఫ్యాన్ తిరిగి తెర రాకపోతే అది నో డిస్‌ప్లే, నా పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. అందులో ర్యామ్ (పని జరుగుతున్నంత సేపు సమాచారాన్ని పట్టి ఉంచే చిన్న కడ్డీ) మీద అనుమానం ముందు, తెర మీద తరువాత, బోర్డు మీద ఆఖరున. కంపెనీ బొమ్మ వచ్చి అక్కడే ఆగిపోతే డిస్కునో, విండోస్ కన్నా ముందు యంత్రాన్ని లేపే బయోస్‌నో చూడాలి. బొమ్మ దాటి విండోస్ చుక్కలు తిరుగుతూ ఉండిపోయినా, నీలి తెర వచ్చినా ఎక్కువసార్లు సాఫ్ట్‌వేర్ గొడవే. ఎక్కడ ఆగుతోందో తెలియకుండా బోర్డు పోయిందనడం, నాడి పట్టుకోకుండానే ఆపరేషన్ అన్నట్టు ఉంటుంది.

మీరు ఇంట్లోనే మూడు సంగతులు చూసి రాయండి. ఒకటి, గదిలో దీపం ఆర్పి, ల్యాప్‌టాప్ ఆన్ చేసి, తెర మీద టార్చి ఏటవాలుగా వేసి చూడండి. అక్షరాల నీడలు కనబడితే యంత్రం బాగానే ఉంది, తెర వెనక వెలుతురు మాత్రమే పోయింది. రెండు, ఇంట్లో టీవీ ఉంటే హెచ్‌డీఎంఐ తీగతో కలిపి అక్కడ బొమ్మ వస్తుందేమో చూడండి. మూడు, క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతోందా, లేక దానంతట అదే లెక్క ప్రకారం మినుకుమంటోందా గమనించండి. చాలా కంపెనీలు ఆ మినుకుల లెక్కతోనే ఏ భాగం చెడిందో చెబుతాయి, ఆ లెక్కకు అర్థం మీ మోడల్ సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

ఉప్పుగాలి

కాకినాడలో సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో మా ఇల్లు. మాస్టారి లక్షణాలు చదువుతుంటే నిరుటి నా ల్యాప్‌టాపే గుర్తుకొచ్చింది. తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం, అచ్చం అదే. విప్పి చూస్తే ర్యామ్ కడ్డీకి ఉన్న బంగారు రంగు పళ్ల మీద సన్నని మసక పొర పట్టి ఉంది. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, దులిపి, మళ్లీ బిగిస్తే ఒక్క దెబ్బకు లేచింది. రోజూ వాడే యంత్రం ఆ వేడికి కొంత పొడిగా ఉంటుంది గానీ, వానాకాలంలో రెండు వారాలు మూసి పెడితే మా తీరంలో ఇనుప తాళాలే పట్టేస్తాయి.

నో డిస్‌ప్లే

రబ్బరు పని చేస్తుంది, కాదనను. మేము కూడా ఒకప్పుడు అదే వాడేవాళ్లం. కానీ గట్టిగా రుద్దితే ఆ పలుచని పూత అరిగిపోతుంది, పొట్టు స్లాటులో పడితే కొత్త గొడవ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తని గుడ్డ మేలు. అంతకన్నా ముఖ్యం, అడుగు మూత విప్పగానే బ్యాటరీ తీగను బోర్డు నుంచి ఊడదీయనిదే ర్యామ్‌ను తాకవద్దు. ఛార్జర్ పీకాం కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు, బ్యాటరీ నుంచి కరెంటు బోర్డు మీదికి వస్తూనే ఉంటుంది. అప్పుడు స్క్రూడ్రైవర్ జారితే మదర్‌బోర్డు నిజంగానే పోతుంది.

గుంటూరు అబ్బాయి

నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను, అమ్మ గుంటూరులో ఒంటరిగా ఉంటుంది. ల్యాప్‌టాప్ తెరవగానే ఆరిపోతోందని, కాసేపు వచ్చి మళ్లీ చీకటవుతోందని వారం రోజులు వీడియో కాల్‌లో చెబుతూ వచ్చింది. నేను ఇక్కణ్ణుంచి డ్రైవర్లని, అప్‌డేట్లని ఆమెను నానా హింసా పెట్టాను. చివరికి ఒక రాత్రి కెమెరాను కీబోర్డు వైపు తిప్పమంటే, ఎడమ చేతి దగ్గర అయస్కాంతపు మూత ఉన్న ఫోను కవరు కనబడింది. మూత మూసిందో లేదో ల్యాప్‌టాప్ తెలుసుకునేది అంచులోని ఒక అయస్కాంతపు సెన్సారుతోనే గనుక, ఫోను అక్కడ పెట్టినప్పుడల్లా మూత మూశారనుకుని అది నిద్రపోతోంది. ఫోను తీయమన్నాను, తీసింది, తెర వచ్చింది. "ఇంత చదువు చదివి ఇది చెప్పడానికి వారం పట్టిందా నాయనా" అంది.

ముగ్గురు పిల్లల తండ్రి

మా ఇంట్లో ఒకే టైప్-సీ ఛార్జరు కోసం ముగ్గురు కొట్టుకుంటారు. పెద్దవాడి ల్యాప్‌టాప్ చచ్చిపోయిందని ఏడిస్తే తీరా చూసినప్పుడు, రెండు రోజులుగా దానికి ఫోను ఛార్జరు పెట్టి ఉంచాడు. పిన్ను సరిపోయినంత మాత్రాన కరెంటు సరిపోదని అప్పుడే నాకూ తెలిసింది. ఆ ల్యాప్‌టాప్ అడిగేది 20 వోల్టుల మీద 65 వాట్లు, ఆ ఫోను ఛార్జరు 9 వోల్టులు దాటదు. అసలు ఛార్జరు పెట్టి అరగంట వదిలేస్తే మామూలుగానే లేచింది.

నో డిస్‌ప్లే

గుండ్రటి పిన్ను అడాప్టర్లలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. కొన్ని కంపెనీల పిన్ను మధ్యలో సూది లాంటిది కనిపిస్తుంది, అడాప్టర్ ఎవరిదో, ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. అది వంగితే 19.5 వోల్టులు సక్రమంగా వస్తున్నా బ్యాటరీ ఛార్జి ఎక్కదు. ఇంకొకటి, మీటరుతో కొలిచి వోల్టులు సరిగా ఉన్నాయని అడాప్టర్‌ను నమ్మవద్దు. బరువు పడనంత సేపు సరిగా చూపించి, బోర్డు కరెంటు లాగగానే చతికిలబడే అడాప్టర్లు వారానికి రెండైనా నా బల్ల మీదికి వస్తాయి. మరో అడాప్టర్‌తో పెట్టి చూడడమే అసలు పరీక్ష.

తాడిపత్రి ఎండ

మాస్టారిది ఈ కేసు కాకపోవచ్చు గానీ, మూత విప్పే ముందు అందరూ ఒకసారి టచ్‌ప్యాడ్‌ను తడిమి చూడమని మనవి. నాది ఆన్ కావడం మానేసే నెల ముందు నుంచే టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకుండా బిగుసుకుపోయింది, నేను దుమ్ము అనుకున్నాను. విప్పితే బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. దాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, వాడుతూ ఉండకూడదు. నాది మార్చిన తరువాత ఇబ్బంది లేదు.

బియ్యం డబ్బా

మాస్టారూ, తేమ అంటున్నారు కదా, రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టి చూడండి. మా తమ్ముడి ఫోనుకు పని చేసింది.

నో డిస్‌ప్లే

వద్దండీ. యంత్రం లోపలి తేమను బియ్యం లాగదు, పైగా పిండి ఫ్యాను సందుల్లోకి వెళుతుంది. కాఫీనో నీళ్లో పడితే వెంటనే ఛార్జరు పీకి, ఆపి, బ్యాటరీ విడదీసి, బోర్డును శుభ్రం చేయించాలి. బియ్యంలో దాచిన ఆ రెండు రోజుల్లోనే తడిసిన చోట పచ్చగా చిలుము పడుతుంది.

రాత్రి షిఫ్టు

ఫైళ్ల మాట వచ్చింది గనుక నా అనుభవం చెబుతాను, ఇది మాస్టారు ఏ మరమ్మతూ మొదలుపెట్టక ముందే చదవాలి. 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర మీద ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చిన రోజు అదే. మా ఆఫీసులో నాకు అప్పగించిన పని తేలికైనది: సేఫ్ మోడ్‌లోకి, అంటే విండోస్ కనీస భాగాలతో మాత్రమే లేచే పద్ధతిలోకి, వెళ్లి ఒక ఫైలు తీసేస్తే యంత్రం లేస్తుంది. కానీ డిస్కు తాళం వేసి ఉన్న యంత్రాలు సేఫ్ మోడ్‌కు ముందే 48 అంకెల బిట్‌లాకర్ (విండోస్ వేసే ఆ తాళం పేరు) రికవరీ కీ అడిగాయి. ఫైలు తీయడానికి రెండు నిమిషాలు, కీ వెతకడానికి గంటలు.

ఇంటి ల్యాప్‌టాప్‌కు ఇదెందుకు అనుకోవద్దు. ఈమధ్య విండోస్‌తో వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే ఆ తాళం దానంతట అదే పడుతుంది, మనకు తెలియదు కూడా. మదర్‌బోర్డు మార్చినా, డిస్కును తీసి వేరే యంత్రానికి పెట్టినా, ఒక్కోసారి బయోస్ సెట్టింగులు మారినా కీ అడుగుతుంది. కనుక మాస్టారూ, ఫోనులోనే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, పరికరాల దగ్గర రికవరీ కీ కనబడితే ముందు కాగితం మీద రాసుకోండి.

కోనసీమ మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. టార్చి వేసి చూశాను, నీడలు లేవు. టీవీలోనూ ఏమీ రాలేదు. క్యాప్స్ లాక్ దీపం నొక్కినా వెలగడం లేదు, తనంతట మినుకుమనడమూ లేదు. ఛార్జరు తీసి పవర్ బటన్‌ను అర నిమిషం పట్టుకుని చూడమని మా మేనల్లుడు చెబితే అదీ చేశాను, ఫలితం లేదు. రికవరీ కీ మాత్రం దొరికింది. అలాంటిది ఒకటి నా పేరున ఉందని ఈ వయసులో తెలిసింది. 48 అంకెలనూ ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటే పంచాంగం వెనక అట్ట మీద రాసుకున్నాను.

నో డిస్‌ప్లే

అయితే తెర నిర్దోషి. ఇక ర్యామ్ చూడండి. మేనల్లుడి చేత మూత విప్పించి, బ్యాటరీ తీగ ఊడదీయించి, రెండు కడ్డీలు ఉంటే రెండూ తీసి, తుడిచి, ఒక్కదాన్నే ఒక స్లాటులో పెట్టి చూడండి. లేవకపోతే రెండో స్లాటులో, తరువాత రెండో కడ్డీతో అలాగే. ర్యామ్ కదిపాక మొదటిసారి తెర రావడానికి మామూలు కన్నా ఎక్కువ సేపు పట్టవచ్చు. డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ ఉన్న యంత్రాల్లోనైతే కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది, మధ్యలో కంగారుపడి ఆపేయకూడదు.

ఇవేవీ పని చేయకపోతే అప్పుడు బోర్డు, అప్పుడైనా మార్చాలనే లేదు. మొన్న ఒక బోర్డులో 19 వోల్టుల లైను మీద నువ్వు గింజంత కెపాసిటర్ ఒకటి షార్ట్ అయింది. ఆ లైనుకు బయటి నుంచి ఒక వోల్టు మాత్రమే ఇచ్చి, బోర్డు మీద ఆల్కహాల్ చల్లితే, తప్పు చేసిన గింజ వేడెక్కి దాని చుట్టూ మాత్రమే తడి ఆరిపోయింది. దాన్ని తీసేస్తే బోర్డు లేచింది. చిప్ లెవెల్ పని చేసేవారికి ఇలా వెతికే ఓపిక ఉంటుంది, బోర్డు మార్చి అమ్మేవారికి ఆ అవసరం ఉండదు.

కోనసీమ మాస్టారు

ఈ సాయంత్రం లేచింది! రెండు కడ్డీలలో ఒకటి ఏ స్లాటులో పెట్టినా పాత కథే, రెండోది ఏ స్లాటులో పెట్టినా పని చేస్తోంది. అంటే కడ్డీ పోయింది గానీ స్లాటులు పోలేదని మా మేనల్లుడి నిర్ణయం. ఒక నిమిషం పైగా తెర నల్లగానే ఉంటే నేను ఆపబోయాను, మీరు రాసిన మాట చూపించి వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. తరువాత నిజంగానే ఆ నీలి తెర మీద కీ అడిగింది, పంచాంగం పనికొచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. తేదీ 2019 జనవరి 1 అని చూపిస్తోంది, ఏ వెబ్‌సైటు తెరిచినా భద్రత లేదని హెచ్చరిస్తోంది. ఇది మరో జబ్బా?

నో డిస్‌ప్లే

కాదు. గడియారాన్ని నడిపే చిన్న సెల్లు అయిపోయింది. సాధారణంగా సీఆర్2032 అనే 3 వోల్టుల నాణెం సెల్లు ఉంటుంది, ల్యాప్‌టాప్‌లలో దానికి తీగ కట్టి ఉంటుంది గనుక తీగతో సహా అదే రకం అడిగి తీసుకోండి. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్ల సర్టిఫికెట్ల గడువు లెక్క కుదరదు, అందుకే ఆ హెచ్చరికలు. ప్రస్తుతానికి తేదీ చేతితో సరిచేసుకోండి. సెల్లు మార్చినప్పుడు మళ్లీ కీ అడగవచ్చు, పంచాంగం దగ్గర పెట్టుకోండి. కొత్త ర్యామ్ తరువాత కొనుక్కోవచ్చు, ముందు ఆ ఫైళ్లు బయటికి తీయండి.

కోనసీమ మాస్టారు

తీశాను. ఏడు పుస్తకాలూ కలిపి ఒక పాట ఫైలు అంత కూడా లేవు, ఇన్నాళ్లూ ఎందుకు బద్ధకించానో. ఒక పెన్‌డ్రైవ్ మా అమ్మాయికి రాజమహేంద్రవరం పంపాను, ఒకటి బీరువాలో ఉంది, మూడో ప్రతిని మేనల్లుడు నా మెయిల్‌లో దాచాడు. పాడైన కడ్డీని ఆ దుకాణం ఆయనకు చూపిద్దామని జేబులో వేసుకున్నాను గానీ, మా ఆవిడ వద్దంది.

ఉప్పుగాలి

మాస్టారూ, ఎనిమిదో పుస్తకం టైపు అయ్యాక తుపాను సంవత్సరాల గురించి మీ నాన్నగారు ఏం రాశారో ఇక్కడ కూడా పెట్టండి. మా తాతగారిదీ ఆ ప్రాంతమే.