ప్రోబ్ అవుట్ అలారం వస్తూ పోతూ ఉంది, ప్రోబ్ మార్చాల్సిందేనా?

నైట్‌షిఫ్ట్: మా పెట్రోల్ బంకులో డీజిల్ ట్యాంక్‌కి ఏటీజీ (ట్యాంక్‌లో మట్టం తనంతట తానే కొలిచే పరికరం) కన్సోల్‌లో ప్రోబ్ అవుట్, అంటే ట్యాంక్‌లోని కొలత రాడ్ నుంచి సిగ్నల్ లేదు అని వస్తుంది, కాసేపటికి దానంతటదే పోతుంది. వాన పడ్డాక మరీ ఎక్కువ. సర్వీసు వాళ్ళు చూడకుండానే ప్రోబ్ మార్చాలంటున్నారు. దీనికి తోడు పక్కనున్న పెట్రోల్ ట్యాంక్‌కి వాటర్ అలారం. రెండూ ఒకటేనా?

ఫీల్డ్_టెక్: రెండూ కలపకండి. వానకి వచ్చి ఎండకి పోతోందంటే ముందు మ్యాన్‌హోల్‌లో కేబుల్ జాయింట్ చూడాలి. ప్రోబ్ అంత తేలిగ్గా పోదు, అందులో కదిలేవి ఫ్లోట్లు (ఇంధనం మీద ఒకటి, అడుగు నీళ్ళ మీద ఒకటి తేలేవి) మాత్రమే, రాడ్‌లో పంపిన పల్స్ ఫ్లోట్ అయస్కాంతం దగ్గర నుంచి తిరిగి రావడానికి పట్టిన టైమ్‌ని బట్టి మట్టం లెక్క కడుతుంది. కన్సోల్ దగ్గర రెండు ప్రోబ్‌ల వైర్లు ఛానల్ (వైరు తగిలించే చోటు) మార్చి చూడమనండి. అలారం పాత ఛానల్‌లోనే ఉండిపోతే కన్సోల్‌లో లోపం, వైర్‌తో పాటు కొత్త ఛానల్‌కి వెళ్తే కేబులో ప్రోబో. ఈ రెండింట్లో ఏదో తేలాలంటే ట్యాంక్ చివర కూడా అలాగే మార్చాలి. కరెంటు తీసి, అనుమతి ఉన్న టెక్నీషియన్ చేయాల్సిన పని ఇది, మీరు చేయకండి. మార్చి ఉన్నంతసేపు కన్సోల్ చూపే లీటర్లు నమ్మొద్దు, ఏ మట్టానికి ఎన్ని లీటర్లో చెప్పే చార్ట్ ఒక్కో ట్యాంక్‌కి వేరు కదా.

డిప్‌రాడ్: వాటర్ అలారానికి డిప్ కొట్టడమే మందు. రాడ్ కొనకి వాటర్ పేస్ట్ పూసి దించండి, రంగు మారితే నీళ్ళున్నట్టే. మారకపోతే అడుగున మడ్డి చేరి వాటర్ ఫ్లోట్‌ని పైకి పట్టి ఉంచుతుండొచ్చు, ప్రోబ్ తీసి తుడిపించాలి. ఒక మాట, మీది ఇథనాల్ కలిసిన పెట్రోలైతే అలారం రాలేదని కూడా ధీమాగా ఉండకండి. నీళ్ళు మొదట ఇథనాల్‌లో కలిసిపోతాయి, ఎక్కువైతే రెండూ కలిసి అడుగుకి దిగుతాయి. ఆ పొర మామూలు నీళ్ళకన్నా తేలిక, పాత రకం ఫ్లోట్ లేవకపోవచ్చు. పేస్ట్ కూడా ఇథనాల్‌కి పనికొచ్చేదే తీసుకోండి.

స్టాక్‌రిజిస్టర్: మాకు ఇలాంటిదే ఇంకో అలారం, లోడ్ దించిన ప్రతిసారీ కన్సోల్ చేసే లీక్ టెస్ట్ ఫెయిల్, టెన్షనే టెన్షన్. తీరా చూస్తే పెట్రోల్ ఒక డిగ్రీ చల్లబడితే దాదాపు 0.1 శాతం కుంచించుకుపోతుంది, అంటే 10,000 లీటర్లకి సుమారు 10 లీటర్లు. టెస్టేమో గంటకి 0.76 లీటర్ల లీక్‌ని పట్టుకోవడానికి పెట్టింది. కన్సోల్ ఉష్ణోగ్రత సవరణ చేస్తుంది, కానీ లోడ్ సర్దుకోకముందే నడిపితే తప్పులు వస్తాయి. కొన్ని గంటలు ఆగి, అమ్మకం లేనప్పుడు పెట్టండి. అప్పుడూ ఫెయిలైతే తేలిగ్గా తీసుకోకండి.

నైట్‌షిఫ్ట్: ఛానల్ మార్పించాను, అలారం వైర్ వెంటే వెళ్ళింది. జాయింట్ విప్పితే లోపలంతా తేమ, రాగి పచ్చబడి ఉంది. రెజిన్ కిట్‌తో కొత్త జాయింట్ వేశారు, తర్వాత వాన పడినా అలారం లేదు. పెట్రోల్‌లో పేస్ట్ రంగు మారలేదు, ఇథనాల్ పేస్టే వాడాం. ప్రోబ్ తుడిచేదాకా వాటర్ అలారం పరిమితి పెంచుకుందామని మావాడు అంటున్నాడు.

డిప్‌రాడ్: వద్దు బ్రో. పెంచింది తగ్గించడం ఎవరికీ గుర్తుండదు. మోత ఆపుకోండి, సెట్టింగ్ జోలికి పోకండి, అప్పటిదాకా రోజూ చేత్తో డిప్ కొట్టి రాసుకోండి.

ఫీల్డ్_టెక్: ప్రోబ్ పైకి తీసినప్పుడు ఫిల్ పైపు మూత గాస్కెట్ కూడా చూడమనండి. మ్యాన్‌హోల్‌లోకి అంత నీరు వస్తోందంటే తర్వాత అది ట్యాంక్‌లోకి దిగే దారి అదే.