అమ్మమ్మ కత్తిపీట తుప్పు పట్టింది, వెనిగర్ పెట్టొచ్చా? (చెన్నై, సముద్రం పక్క ఇల్లు)

బీచ్‌పక్కిల్లు:
అందరికీ నమస్కారం. మేము తిరువాన్మియూర్‌లో ఉంటాం, బీచ్‌కి మూడు వీధుల ఇవతల. మా అమ్మమ్మ కత్తిపీట ఒకటి నా దగ్గరుంది, నెల్లూరులో కమ్మరి కొలిమిలో చేయించినది, కత్తి చివర కొబ్బరి కోరు కూడా ఉంటుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు వేళచ్చేరిలో మా అత్తగారింట్లోకి నీళ్లు వచ్చినప్పుడు ఇది కింద అరలో ఉండి పూర్తిగా మునిగింది. అప్పుడు తుడిచి, న్యూస్‌పేపర్ చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ వేసి అటక మీద పెట్టేశాను. మొన్న ఆవకాయ ముక్కల కోసం తీస్తే కాగితం కత్తికి అతుక్కుపోయి ఉంది, లాగితే ఎర్రటి పొరలు పొరలుగా ఊడి వచ్చాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. దీంతోపాటు మొక్కలు కత్తిరించే కటర్ ఒకటి, స్ప్రింగు దగ్గర బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు.

వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టమని ఒకరు, గ్రైండర్ పట్టించేయమని ఒకరు చెబుతున్నారు. పీట చెక్కది కాబట్టి మొత్తం ముంచలేను. ఏం చేయమంటారు? ఇంకో మాట, తుప్పు కత్తితో తెగితే ధనుర్వాతం వస్తుంది పారేయమని మా అత్తగారు ఒకటే టెన్షన్ పడుతున్నారు, అందులో నిజం ఎంత?

మిద్దెతోట_పోరూర్:
పారేయకండి అక్కా. నా మిద్దెతోటలో వాడే కొడవలీ కటర్లూ ఏటా ఐప్పసి (తమిళ నెల, అక్టోబరు-నవంబరు) వానలకి ఇలాగే అవుతాయి, అన్నీ బాగుపడ్డాయి.

పీటని ముంచకుండానే చేయొచ్చు. పాత కాటన్ గుడ్డని తెల్ల వెనిగర్‌లో తడిపి కత్తికి మాత్రం చుట్టండి, ఆరిపోకుండా పైన పాలకవర్ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. చెక్కలోకి దిగే చోటికి ఒక అంగుళం పైనే ఆపండి. వెనిగర్ లేకపోతే లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలుపుకోండి, కిరాణా కొట్లో దొరుకుతుంది, వాసన ఉండదు, నా మటుకు నాకు అదే బాగా పని చేసింది. రెండు మూడు గంటలకి విప్పితే తుప్పు నల్లటి బురదలా మెత్తబడి ఉంటుంది, స్టీలు పీచుతో రుద్దితే వచ్చేస్తుంది. తర్వాత గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి తుడవండి, పులుపు మిగిలిపోతే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

కటర్‌కైతే ముందు మధ్యలో ఉన్న నట్టు విప్పి రెండు ముక్కలూ స్ప్రింగూ విడదీయండి. విడదీయకుండా ఎంత రుద్దినా లోపలి తుప్పు అలాగే ఉంటుంది. నట్టు రాకపోతే కిరోసిన్ గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ రెండు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి.

ఉలిసుత్తి:
మాది పెరంబూర్, మా నాన్న వడ్రంగి, నేను ఉలులు చిత్రికలతోనే పెరిగాను. పైన చెప్పింది సరైన పద్ధతే, కానీ రాత్రంతా మాత్రం వద్దు. పులుపు తుప్పునే కాదు, దాని కింద ఉన్న మంచి ఉక్కునీ తింటుంది. అన్నిటికంటే పలచగా ఉండేది అంచే కాబట్టి ముందు పోయేదీ అదే. నేను ఒకసారి మా నాన్న అరంగుళం ఉలి వెనిగర్‌లో వేసి మర్చిపోయి రెండో రోజు తీస్తే అంచంతా గరుకుగా, చెద తిన్నట్టు అయింది. ఆయన ఏమీ అనలేదు, దాన్ని మళ్లీ దారికి తేవడానికి రెండు రోజులు సాన మీద కూర్చున్నారు. అందుకే గంటకోసారి విప్పి చూడండి. స్ప్రింగుని అసలు పులుపులో వేయకండి, గట్టి ఉక్కు యాసిడ్ తగిలితే పెళుసెక్కి విరగొచ్చు. దాన్ని కిరోసిన్‌తోనే శుభ్రం చేయండి.

ఇక గ్రైండర్. వీధిలోకి వచ్చే సాన అబ్బాయి చేతిలో తప్పు లేదు గానీ రాయి జోరుగా తిరిగితే అంచు వేడెక్కుతుంది. అంచున నీలం రంగు తేలిందంటే అక్కడ దగ్గర దగ్గర 300 డిగ్రీలు తగిలినట్టు, కమ్మరి పెట్టిన పదును అక్కడితో సరి, తర్వాత ఎంత నూరినా నాలుగు రోజులు నిలవదు. ఇవ్వక తప్పకపోతే మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ పట్టమని చెప్పి పక్కనే నిలబడండి.

ఇంట్లో అయితే 220 నంబరు ఎమరీ పేపరు, ఆ తర్వాత 400, ఒక చెక్కముక్కకి చుట్టి కొంచెం నూనె వేసి కత్తి పొడుగునా ఒకే దిశలో రుద్దండి. చివరగా రెండు వైపుల రాయి మీద అంచు. లోతుగా పడ్డ గుంటలు పోవు, పోవాలని అరగదీయకండి, కత్తి పలచబడిపోతుంది. ఆ గుంటల వల్ల కోతకి ఏ అడ్డూ లేదు.

అందరూ మరిచేది ఒకటుంది. మీ పీట వరదలో మునిగింది కదా, కత్తి చెక్కలోకి దిగే గాడిలో ఇంకా తేమ ఉండొచ్చు. పైన ఎంత మెరిపించినా తుప్పు అక్కడి నుంచే పైకి పాకుతుంది. నీడలో, గాలి తగిలేలా వారం రోజులు ఆరబెట్టాకే పని మొదలుపెట్టండి.

పాతసామాను:
ఇన్ని తిప్పలెందుకు, బాత్రూం యాసిడ్ ఒక నిమిషం పోస్తే చాలు కదా.

ఉలిసుత్తి:
అన్నా, దయచేసి ఆ సలహా ఇవ్వొద్దు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పు పోతుంది నిజమే, కానీ దాంట్లోని క్లోరైడు గుంటల్లో దాక్కుని మళ్లీ తుప్పు పట్టిస్తుంది. దాని ఆవిరికే పక్క గూట్లో పెట్టిన స్క్రూలూ రంపాలూ ఎర్రబడటం మా షాపులో కళ్లారా చూశాను. ఇక బ్లీచింగ్ పౌడరు వాడిన బాత్రూంలో ఆ యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణాల మీదకి వస్తుంది. వెనిగర్ కూడా బ్లీచ్‌తో కలవకూడదు.

నెల్లూరుపిల్ల:
మా ఇల్లు బీసెంట్ నగర్, పదకొండేళ్లుగా ఇదే గోల కాబట్టి చెబుతున్నాను. తుప్పు తీయడం గంట పని, కడిగిన తర్వాతి పది నిమిషాలే అసలు సంగతి. మొదటిసారి కత్తిపీట తళతళా కడిగి గట్టు మీద పెట్టి, ఫోన్ మోగితే మాట్లాడి వచ్చాను, అంతే, దాని మీద పసుపు చల్లినట్టు నారింజ పూత. పచ్చి ఉక్కు, అంటే స్టెయిన్‌లెస్ కాని ఉక్కు మీద నీటి చుక్క ఉండకూడదు. కడగ్గానే పొడి గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయర్ వేడిగాలి పట్టి, కత్తి గోరువెచ్చగా ఉండగానే నూనె రాయాలి.

ఇంకొకటి, ఈ వైపు బోరు నీళ్లు చాలా ఇళ్లల్లో ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో చివరి కడుగు కడిగితే ఉప్పుని మళ్లీ మీరే రాసినట్టు. చివరగా ఒక చెంబు క్యాన్ వాటర్ పోయండి.

నూనె విషయం. కొబ్బరి నూనె, నువ్వుల నూనె రోజూ వాడే కత్తికి పర్వాలేదు, కానీ నెలల తరబడి దాచితే మక్కు వాసన వస్తుంది, జిగటగా గట్టిపడి దుమ్ము పట్టేస్తుంది. మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ అడగండి, పాడవదు, కూరలు కోసే కత్తికీ పనికొస్తుంది. వాడే ముందు ఒకసారి తుడిస్తే చాలు. కటర్‌కి మిషన్ ఆయిల్ సరిపోతుంది.

న్యూస్‌పేపరు మాత్రం ఇంకెప్పుడూ చుట్టకండి అక్కా, అది తేమ పీల్చి కత్తికి అంటిస్తూ ఉంటుంది, పైన ప్లాస్టిక్ కవరు ఆ తేమని బయటికి పోనివ్వదు. నూనె రాసిన గుడ్డ చుట్టి, గాలి ఆడే గూట్లో, సింకుకీ ఉప్పు జాడీకీ దూరంగా పెట్టండి. తోలు తొడుగుల్లో కూడా దాచొద్దు.

అత్తగారికి చెప్పండి, ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలో ఉండే సూక్ష్మజీవి లోతైన గాయంలోకి పోతే వస్తుంది. కటర్ మట్టిలో తిరుగుతుంది కాబట్టి దానితో తెగితే మాత్రం గాయం బాగా కడిగి, టీకా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకి చెప్పి చూపించుకోండి.

బీచ్‌పక్కిల్లు:
అందరికీ ఎంతో థాంక్స్. మూడు వారాలకి రాస్తున్నాను. పీట ఎనిమిది రోజులు వరండాలో ఆరబెట్టాను. నిమ్మ ఉప్పు గుడ్డ గంట చొప్పున మూడుసార్లు చుట్టాల్సి వచ్చింది. రెండోసారి రుద్దుతుంటే కత్తి మొదట్లో కమ్మరి కొట్టిన చిన్న చుక్కల గుర్తు బయటపడింది, మూడు చుక్కలు వరసగా. అది ఉందని మా అమ్మకి కూడా తెలియదు, ఫోటో పంపితే పెద్దగా చేసి చూస్తూనే ఉందట. ఉలిసుత్తి గారూ, గుంటలు వదిలేశాను. కటర్ కిరోసిన్‌కి మెత్తబడి తెరుచుకుంది.

మా అత్తగారే నిన్న దాని మీద కూర్చుని మామిడికాయ కోశారు. తుడిచి చూస్తే పులుపు తగిలిన చోట నీలం నలుపు కలిసిన మచ్చ పడింది. దాన్ని రుద్దేయాలా?

నెల్లూరుపిల్ల:
వద్దక్కా, పచ్చి ఉక్కు కత్తులన్నీ వాడుతుంటే అలాగే నల్లబడతాయి, ఆ నలుపు కొంత వరకు కాపలా కూడా. వేలితో రాస్తే ఎర్ర పొడి అంటితేనే మళ్లీ నిమ్మ ఉప్పు గుడ్డ చుట్టండి.