పూర్, నీడీ, ఇండిజెంట్, డెస్టిట్యూట్: అన్నిటికీ ‘నిరుపేద’ అని రాసేయొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. చెన్నైలో మా తెలుగు సంఘం పిల్లల చదువులకి సాయం చేస్తుంటుంది. ఆ దరఖాస్తు ఫారాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారుస్తున్నాను. పూర్, నీడీ, ఇండిజెంట్, డెస్టిట్యూట్ నాలుగూ ఒకే పేజీలో ఉన్నాయి. డిక్షనరీ తీస్తే అన్నిటికీ బీద, పేద, దరిద్ర అనే ఉంది. తీవ్రతని బట్టి పేద, కడుపేద, నిరుపేద, కటిక పేద అని వరస పెట్టేస్తే సరిపోతుందా?

ప్యారీస్ గుమాస్తా: వరస పెట్టకండమ్మా. ఇవి ఒకే నిచ్చెన మీద మెట్లు కావు. అడిగేది ఎవరు, ఎందుకు అడుగుతున్నారు అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. నేను ప్యారీస్ కార్నర్‌లో ఓ వకీలు గారి దగ్గర చాన్నాళ్ళు పనిచేశాను కాబట్టి ఇండిజెంట్ సంగతి ముందు చెప్తాను.

సివిల్ దావాలు ఎలా నడపాలో చెప్పే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 33 అని ఒక భాగముంది. మొదట్లో అందులో ఉన్న మాట పాపర్. 1976 సవరణతో దాన్ని తీసేసి ఇండిజెంట్ పర్సన్ అని పెట్టారు. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేనివాడు అని అర్థం. తిండికి లేనివాడు అని కాదు. చేసిన పనికి 50 లక్షలు రావాల్సిన చిన్న కాంట్రాక్టరు ఉన్నాడనుకోండి. దావా విలువ మీద 3 శాతం లెక్కన ముందే లక్షన్నర కట్టాలి. ఇల్లు గడుస్తోంది, పిల్లలు బడికెళ్తున్నారు, కానీ లక్షన్నర ఎక్కడ తెస్తాడు? వీధిలో అతన్ని పేదవాడు అనేవాళ్ళుండరు, కోర్టులో మాత్రం ఇండిజెంట్ కావచ్చు. ఆ ఫీజు మాఫీ అయినట్టూ కాదు, తీర్పు వచ్చాక ఎవరు కట్టాలో కోర్టు చెప్తుంది, సర్కారు వసూలు చేసుకుంటుంది. ఇంకో తమాషా ఏమిటంటే, 2001లో సుప్రీంకోర్టు కంపెనీ కూడా ఇండిజెంట్‌గా దావా వేయొచ్చు అంది. కంపెనీని పట్టుకుని నిరుపేద అని రాస్తే ఎంత నవ్వులాట!

ఇక పాపర్. పూర్, పాపర్ రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చినవే. కాకపోతే ఇంగ్లండులో ఊరి చందా మీద, అంటే సర్కారీ సాయం మీద బతికేవాణ్ణి పాపర్ అనేవారు. ఒళ్ళు వంచి నాలుగు డబ్బులు తెచ్చుకునేవాడు పూర్ అయినా పాపర్ కాడు. అక్కడ పేదలకి సాయం ఎలా చేయాలో చెప్పే చట్టం, పూర్ లా, మీద వేసిన కమిషన్ 1834 నాటి తన రిపోర్టులో పావర్టీ వేరు, ఇండిజెన్స్ వేరు అని గీత గీసింది. పొట్ట నిండాలంటే పనిచేయక తప్పని స్థితి పావర్టీ. పని చేయలేకో, చేసినా కూడు దొరక్కో ఉన్న స్థితి ఇండిజెన్స్. మొదటిదానికి మనకి డిక్షనరీ కూడా అక్కర్లేదు, రెక్కాడితే గాని డొక్కాడని బతుకు అంటే సరిగ్గా అదే.

కొళత్తూరు టీచరమ్మ: డెస్టిట్యూట్ గురించి నేను చెప్తాను. లాటిన్‌లో దాని మూలానికి ‘వదిలేయడం’ అని అర్థం. డబ్బు ఊసే లేదు! ఇక్కడ తమిళనాడు సర్కారు డెస్టిట్యూట్ విడో సర్టిఫికెట్ ఇస్తుంది కదా, దాన్ని తమిళంలో ‘ఆదరవట్ర విధవై’ అంటారు. ఆదరువు లేనిది అని. మా వీధిలో ఒకావిడ ఆ సర్టిఫికెట్‌కి అర్జీ పెడితే ఎంక్వయిరీకి వచ్చినాయన అడిగినవన్నీ మనుషుల గురించే. కొడుకులున్నారా, పంపిస్తారా, అన్నదమ్ములు చూస్తారా, మళ్ళీ పెళ్ళయిందా. నిరుపేద అంటే ఈ ప్రశ్నలన్నీ ఎగిరిపోతాయి. ‘దిక్కులేని’ అనాలి. కొంచెం మొరటుగా ఉందనుకుంటే ‘ఆధారం లేని’ అనండి.

షావుకారుపేట బట్టల కొట్టు: ఐపీ మాట రానేలేదేం? మనవాళ్ళు ‘ఐపీ పెట్టాడు’ అంటారే, అది ఇన్సాల్వెన్సీ పిటిషనే, దివాలా అర్జీ అన్నమాట. ఇక్కడివాళ్ళు ‘మంజ కడుదాసి’ ఇచ్చాడంటారు, పసుపుపచ్చ కాగితం అని. ఐపీ పెట్టినవాడు పేదవాడే కానక్కర్లేదు. పెళ్ళాం పేర మేడ భద్రంగా ఉంటుంది, మునిగేది మాలాంటి అప్పులిచ్చినవాళ్ళం.

ప్యారీస్ గుమాస్తా: బాగా చెప్పారు శెట్టిగారూ. మద్రాసు, బొంబాయి, కలకత్తాలకి 1909లో విడిగా ఇన్సాల్వెన్సీ చట్టమే చేశారు. మిగతా ఊళ్ళకి 1920 నాటిది. అప్పులు తీర్చలేనని చెప్పుకోవడమే దాని పరిధి, వంటింట్లో పొయ్యి వెలిగిందా లేదా దానికి పట్టదు. బ్రోక్ అంటే అంతకన్నా తేలిక, ఒకటో తారీఖున జీతం పడితే తీరిపోయేది. నెలాఖర్లో మా అబ్బాయి రోజూ అదే.

ఇంపావరిష్డ్ అలా కాదు. ఒకప్పుడు ఉండి పోగొట్టుకున్నవాళ్ళది. 1906లో మన మద్రాసులోనే ఆర్బత్‌నాట్ కంపెనీ మునిగింది. ఇన్సాల్వెంట్ అయింది కంపెనీ, ఇంపావరిష్డ్ అయింది అందులో దాచుకున్న జనం. ఆ దెబ్బ తిన్నాకే మరుసటేడు ఇండియన్ బ్యాంక్ పెట్టారు. అలాంటివాళ్ళని మనం ‘బతికి చెడ్డవాళ్ళు’ అంటాం. ఇంగ్లీషు మాటకంటే ఇదే నాకు నచ్చుతుంది, అందులో నిన్నటి గౌరవం ఇంకా మిగిలే ఉంది.

కొళత్తూరు టీచరమ్మ: అన్నిటికంటే తిప్పలు పెట్టేది పూర్. ‘పూర్ ఫెలో’ అంటే పేదవాడు కాదు, పాపం అని. ‘పూర్ క్వాలిటీ’ అంటే నాసిరకం. పేద అన్న మాట ఈ రెండు పనులూ చేయదు. వర్షమొస్తే రోడ్డు దరిద్రంగా ఉందంటాం గాని పేదగా ఉందనం కదా! దరిద్రం తిట్టులోకి జారిపోయింది, ఫారంలో పొరపాటున కూడా వాడకండి. అవతల చదివేది పిల్లలు.

ప్రశ్న అడిగినవారు: సరేనండీ. పూర్‌కి పేద, నీడీకి సాయం అవసరమైన, డెస్టిట్యూట్‌కి ఆధారం లేని. ఇండిజెంట్‌ని ఫారంలోంచే తీసేయమంటాను, మనకి కోర్టు ఫీజుతో పనిలేదు కదా.

ప్యారీస్ గుమాస్తా: తీసేయమనండి. నీడీ దగ్గర మాత్రం ఆదాయం ఒక్కటే అడగొద్దని చెప్పండి. తండ్రికి డయాలసిస్ నడుస్తున్న ఇంట్లో జీతం కాగితం మీద బాగానే కనిపిస్తుంది.

కొళత్తూరు టీచరమ్మ: ఆధారం లేని పక్కన ‘ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంటున్నారు’ అని ఒక గడి పెట్టించండి. మా బడిలో అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఆదాయ ధ్రువపత్రం ఎవరి పేరు మీద తేవాలో తెలీక గడువు దాటించేస్తున్నారు.