పాత కాన్సర్టీనా: శ్రుతి తేడా ఉంటే కొనవచ్చా?

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. ఇక్కడ ఒక పాత సామాన్ల దుకాణంలో లాచెనాల్ కంపెనీవారి కాన్సర్టీనా (రెండు చేతులతో తిత్తిని నొక్కుతూ లాగుతూ బొత్తాలతో వాయించే చిన్న వాయిద్యం) కనిపించింది. ఆరు పలకల పెట్టె, 48 బొత్తాలు, బొటనవేళ్లకు తోలు పట్టీలు, చిటికెనవేలు ఆనించడానికి లోహపు రేకు. తిత్తి నొక్కినా లాగినా ఒక్కో బొత్తానికి ఒకే స్వరం పలుకుతోంది కాబట్టి ఇంగ్లిష్ పద్ధతిదే, నొక్కితే ఒకటి, లాగితే ఇంకొకటి పలికే ఆంగ్లో రకం కాదు.

మా తాతగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. దానితో కలిపి వాయించాలన్నది నా ఆశ. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఫోనులో ట్యూనర్ పెట్టి చూస్తే ప్రతి స్వరమూ అర్ధస్వరంలో దాదాపు సగం ఎక్కువగా ఉంది. అన్నీ ఒకే కొలతన ఎక్కువ కాబట్టి ఇది చెడిపోవడం కాదు, 452 హెర్ట్జ్ దగ్గరి పాతకాలపు ఎత్తు శ్రుతి అనుకుంటున్నాను. ఇప్పటి ప్రమాణమైన 440కి దించాలంటే రీడ్లను (గాలికి కంపించి మోగే లోహపు నాలుకలను) అరగదీయాలి కదా, అరగదీసిన లోహం మళ్లీ రాదు. వందేళ్లు దాటిన వాయిద్యానికి అలా చేయించడం న్యాయమేనా? చేయించినవారుంటే నాదంలో తేడా వచ్చిందా చెప్పండి.

ఇంకొకటి. రీడ్లు ఇత్తడివో ఉక్కువో పెట్టె విప్పకుండా తెలుసుకునే దారి ఉందా? మరలు విప్పడానికి దుకాణాయన ఒప్పుకోవడం లేదు. ఒక బొత్తం వదిలినా మోగుతూనే ఉంది. అది స్ప్రింగు లోపమైతే భయం లేదు, గాలి రంధ్రాలను మూసే ప్యాడ్లన్నీ మార్చాల్సి వస్తేనే ఖర్చు.

ఐరిష్ రీల్స్ (వేగంగా సాగే నాట్యపు బాణీలు) కూడా నేర్చుకోవాలనుంది. వాటికి 30 బొత్తాల ఆంగ్లోయే నయమంటారా? శనివారం దాకా పక్కన పెడతానన్నారు, ఆలోగా చెప్పగలరు.