జానీ మాథిస్ 1958 నాటి సంకలనం: మోనో ప్రతిని గుర్తించడం ఎలా?

నమస్కారం. అమెరికన్ గాయకుడు జానీ మాథిస్ పాడిన ‘ఛాన్సెస్ ఆర్’, ‘ది ట్వెల్త్ ఆఫ్ నెవర్’ వంటి పాటలను ఒకచోట చేర్చి కొలంబియా సంస్థ 1958లో విడుదల చేసిన ‘జానీస్ గ్రేటెస్ట్ హిట్స్’, అంటే అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో 490 వారాలు నిలిచిన ఆ సంకలనమే, ఇటీవల పాత రికార్డుల దుకాణంలో ఎల్పీగా నాకు దొరికింది. అట్ట మీద స్టీరియో (రెండు మార్గాల ధ్వని) అని ఉంది. అయితే తొలి ముద్రణ మోనోలోనే (ఒకే మార్గపు ధ్వనిలో) వచ్చింది కనుక, నా ప్రతి తర్వాతి కాలంలో కృత్రిమంగా స్టీరియోగా మార్చినదేమోనని అనుమానంగా ఉంది. ప్రతిధ్వని ఎక్కువై, మాథిస్ గొంతులోని సన్నని కంపనం (నాకు ప్రాణమైనది అదే) మసకబారినట్టు వినిపిస్తోంది. లేబుల్ అంచున ఆరు కన్నుల గుర్తులుంటే అది తొలినాటి ముద్రణేనని నమ్మవచ్చా? మోనో ధ్వనిని మార్చకుండా అందించిన సీడీ ఏదైనా మీరు విని ఉంటే, దాని వివరాలు తెలుపగలరని మనవి.